హాలీవుడ్ తెర మీద అరబ్బు ఎలా తయారవుతాడు

డిస్నీ 1992లో తీసిన 'అల్లాదీన్' ఒక పాటతో మొదలవుతుంది. ఒంటె మీద వచ్చే వర్తకుడు తన దేశం గురించి పాడుతూ, మొహం నచ్చకపోతే చెవి కోసేసే చోటు అంటాడు. అమెరికన్-అరబ్ యాంటీ డిస్క్రిమినేషన్ కమిటీ దీనికి అభ్యంతరం చెప్పింది. మరుసటి ఏడాది వీడియో క్యాసెట్ వచ్చేసరికి ఆ చరణం పోయి, దాని చోట విశాలమైన నేల, మండే ఎండ వచ్చి చేరాయి. వెంటనే వచ్చే మాటను మాత్రం కదపలేదు: అనాగరికమే, అయినా మన ఊరే కదా అనే అర్థం దానిది. ఆ 'అనాగరికం' 2019 రీమేక్‌లో 'గందరగోళం'గా మారింది. మధ్యలో 26 ఏళ్లు గడిచాయి.

పాట రికార్డయి, బొమ్మలు గీయడం పూర్తయి, సినిమా థియేటర్లలో ఆడిన తరవాత చేసే దిద్దుబాటు ఎంత దూరం పోగలదో ఈ ఒక్క చరణంలో కనిపిస్తుంది. మాట మారింది గానీ అమరిక మారలేదు. అల్లాదీన్, జాస్మిన్ అమెరికన్ యాసలో మాట్లాడతారు. కత్తులు దూసే భటులకూ బజారు వ్యాపారులకూ మాత్రం 'అరబ్బు యాస' పెట్టారు. దాన్ని మార్చాలంటే పాత్రలు రాసుకునే నాడే మార్చాలి.

క్లుప్తంగా

పాశ్చాత్య సినిమాల్లో అరబ్బులు, ముస్లింలు ఒకే మూసలో కనబడటానికి ద్వేషం ఒక్కటే కారణమనుకుంటే సగమే అర్థమవుతుంది. మిగతా సగం నిర్మాణ పద్ధతిలో ఉంది. కథలో విలన్‌కు ఒక ఖాళీ ఉంటుంది, దాన్ని చేతికి అందిన మూసతో నింపుతారు. లొకేషన్, నటుల ఎంపిక, భాష, రంగు, శబ్దం ఆ మూసను గట్టిపరుస్తాయి. సైన్యం ఇచ్చే సామగ్రి, విదేశీ మార్కెట్ల బలం ఎవరిని విలన్ చేయవచ్చో పరోక్షంగా తేలుస్తాయి. స్క్రిప్టు దశలో వచ్చిన మార్పు నిలుస్తుంది, విడుదల తరవాత వచ్చిన మార్పు పైపూతగా మిగులుతుంది.

అరబ్బులు వేరు, ముస్లింలు వేరు

అరబ్బు అన్నది భాషకూ జాతికీ సంబంధించిన గుర్తింపు. ముస్లిం అన్నది మతం. ప్రపంచ ముస్లింలలో అరబ్బులు దాదాపు ఐదో వంతే. ఎక్కువమంది ముస్లింలున్న దేశం ఇండోనేషియా. ఇరాన్ వారి ప్రధాన భాష ఫార్సీ, తుర్కియే వారిది టర్కిష్. ఇటు ఈజిప్టు, లెబనాన్, సిరియా, పాలస్తీనాల్లో తరతరాలుగా అరబ్బు క్రైస్తవులున్నారు. అమెరికాకు తొలి విడతల్లో వలస వెళ్లిన అరబ్బుల్లో క్రైస్తవులే ఎక్కువ. క్రూసేడ్ల (మధ్యయుగపు క్రైస్తవ-ముస్లిం యుద్ధాల) సినిమాల్లో అరబ్బు వీరుడిగా కనిపించే సలాహుద్దీన్ నిజానికి కుర్దు, అంటే వేరే జాతివాడు.

హైదరాబాద్ వారికి ఈ తేడా కొత్తది కాదు. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు బార్కస్‌లో ఇప్పటికీ ఉన్నారు. పక్క వీధి దక్కనీ ముస్లింకూ వారికీ తేడా ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. తెర మీద ఆ తేడా నిలవదు, ఎందుకంటే అక్కడ గుర్తింపును మోసేది వేషం. గడ్డం, తలపాగా, ముసుగు, చేతిలో జపమాల ఉంటే చాలు, ప్రేక్షకుడికి రెండు సెకన్లలో 'విషయం' అందుతుంది. పాత్ర ఏ దేశపువాడో, ఏ భాషవాడో చెప్పడానికి సంభాషణ ఖర్చవుతుంది.

విలన్ ఖాళీ ఎవరితో నిండుతుంది

మొదట్లో అరబ్బు భయపెట్టేవాడు కాదు, ఊరించేవాడు. 1921 నాటి 'ది షేక్'లో రుడాల్ఫ్ వాలెంటినో ఒక ఇంగ్లీషు యువతిని ఎత్తుకుపోయే ఎడారి నాయకుడు. ప్రేమ పండాల్సిన సమయానికి అసలు రహస్యం బయటపడుతుంది: అతను అరబ్బు కాదు, తండ్రి ఇంగ్లీషువాడు, తల్లి స్పెయిన్ మనిషి. అరబ్బు వేషం ప్రేక్షకులకు ముద్దే గాని, అరబ్బు అల్లుడు మింగుడుపడడు. 1924 నాటి 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' మాంత్రిక లోకాన్ని స్థిరపరిచింది. ఆ లోకం తెలుగులోకీ వచ్చింది కానీ వేరే దారి పట్టింది. 1968లో 'బాగ్దాద్ గజదొంగ' అంటే ఎన్టీఆరే. మన దగ్గర బాగ్దాద్ జానపద చిత్రాల్లో కలిసిపోయి, కథానాయకుడి ఊరు అయింది.

1960ల తరవాత రాజకీయాలు వేషాన్ని మార్చాయి. 1973లో అరబ్బు దేశాలు విధించిన చమురు ఆంక్షలతో అమెరికాలో పెట్రోలు బంకుల ముందు క్యూలు పెరిగాయి, తెర మీద కంపెనీలు కొనేసే బొజ్జ షేకు వచ్చాడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ దాడి, విమానాల హైజాకింగ్‌లు, టెహ్రాన్‌లో 52 మంది అమెరికన్లు 444 రోజులు బందీలుగా ఉండటం తుపాకీ పట్టిన అరబ్బును తెచ్చాయి, ఇరానీయులు అరబ్బులు కాకపోయినా సరే. 1985లో 'బ్యాక్ టు ది ఫ్యూచర్'లో ప్లుటోనియం కోసం వెంటాడేది లిబియన్లు. ఆ ఘటనలు కల్పితాలు కావు. తెర మీద వాటికి దక్కిన నిష్పత్తి వేరే ప్రశ్న.

విలన్ స్థానం ఒక ఖాళీ అనడానికి మంచి నిదర్శనం 'ఐరన్ మ్యాన్'. 1963 కామిక్‌లో కథానాయకుడు బందీ అయ్యేది వియత్నాంలో. 2008 సినిమాలో అదే గుహ, అదే ఇనుప కవచం, దేశం మాత్రం అఫ్గానిస్థాన్. కథ యంత్రాంగంలో ఒక్క మర కూడా కదల్లేదు. దీనికి ఎదురు ఉదాహరణ 'ది సమ్ ఆఫ్ ఆల్ ఫియర్స్'. 1991 నవలలో అణుబాంబు కుట్ర వెనక అరబ్బు తీవ్రవాదులుంటారు. 2002 సినిమాలో వాళ్ల బదులు నయా నాజీలున్నారు. అమెరికాలోని ముస్లిం సంఘం కెయిర్ ముందే అభ్యంతరం చెప్పింది. కథ నమ్మదగ్గదిగా ఉండటానికే మార్చామని తీసినవాళ్లు అన్నారు. కారణం ఏదైనా, మార్పు స్క్రిప్టులో జరిగింది కాబట్టి సినిమా అంతటా నిలిచింది.

సెట్ మీద ఏం జరుగుతుంది

ఇరాక్, సోమాలియా, ఇరాన్‌లలో షూటింగ్‌కు బీమా దొరకదు, అనుమతులు రావు. అందుకని మొరాకో, జోర్డాన్, ట్యునీషియా ఆ దేశాల వేషం వేస్తాయి. మొరాకోలోని వర్జాజాత్‌లో 1983 నుంచి అట్లాస్ స్టూడియోస్ ఉంది. పాత కోటలు, ఎడారి, గుర్రాలు, అలవాటుపడ్డ జూనియర్ ఆర్టిస్టులు, పైగా ప్రభుత్వం ఖర్చులో 30 శాతం వరకు వాపసు ఇస్తుంది. 'బ్లాక్ హాక్ డౌన్'లోని మొగదిషు, 'అమెరికన్ స్నైపర్'లోని ఇరాక్‌లో కొంత భాగం మొరాకోయే. ఖర్చు లెక్కలో ఇది తెలివైన పనే. చిక్కల్లా, లొకేషన్‌తో పాటు మనుషులు, మాట, దుస్తులు కూడా అక్కడివే వస్తాయి. మొరాకో యాస ఇరాకీ చెవికి ఎంత దూరమంటే, బాగ్దాద్ వాడు వింటే సగం మాటలు జారిపోతాయి. ఇరాకీ వీధిలో మొరాకో యాస వినబడితే కోట్లాది అరబ్బు ప్రేక్షకులకు వెంటనే పట్టుబడుతుంది, సెట్ మీద ఉన్నవాళ్లకు పట్టుబడదు.

కొన్నిసార్లు మూస కేవలం షెడ్యూలు వల్ల పుడుతుంది. 1981 నాటి 'రెయిడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్'లో కైరో వీధిగా చూపింది ట్యునీషియాలోని కైరవాన్. అక్కడ నల్ల దుస్తుల కత్తివీరుడితో పెద్ద పోరాటం ముందుగా రాసుకున్నారు. హారిసన్ ఫోర్డ్‌కు విరేచనాలు పట్టుకుని నిలబడలేని స్థితి. దాంతో కథానాయకుడు తుపాకీ తీసి ఒక్క గుండుతో ముగించేశాడు. కత్తివీరుడి వేషం వేసింది టెర్రీ రిచర్డ్స్ అనే బ్రిటిష్ ఫైటర్. ప్రపంచమంతా నవ్వింది. ఒక అరబ్బు చావు జోకు కావాలని ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. అది జోకుగా పనికొస్తుందా అని ఎవరూ ఆగి అడగలేదు కూడా.

నటుల ఎంపికలో పాత పద్ధతి నేరుగా ముఖానికి రంగు పూయడమే. 1962 నాటి 'లారెన్స్ ఆఫ్ అరేబియా'లో ఫైసల్ రాజకుమారుడు ఇంగ్లండ్‌కు చెందిన అలెక్ గిన్నెస్, అవుదా అబూ తాయీ వేషంలో మెక్సికోలో పుట్టిన ఆంథొనీ క్విన్, పెట్టుడు ముక్కుతో. ఎడారిలో తప్పిపోయే గాసిమ్‌గా మన హిందీ నటుడు ఐ.ఎస్.జోహర్. నిజమైన అరబ్బు నటుల్లో పెద్ద పాత్ర దక్కింది ఈజిప్టు నటుడు ఒమర్ షరీఫ్‌కు. తరవాతి కాలంలో రంగు తగ్గింది గాని 'గోధుమ రంగువాడైతే చాలు' అన్న లెక్క మిగిలింది. 1994 నాటి 'ట్రూ లైస్'లో అరబ్బు ఉగ్రవాది ఆర్ట్ మాలిక్ పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్‌లో పుట్టినవాడు.

భాషలో జరిగే తప్పులు రెండు రకాలు. ఒకటి, మాటలకు సబ్‌టైటిల్ వేయకపోవడం. సైనికుడి మాట ప్రేక్షకుడికి అర్థమవుతుంది, తుపాకీకి ఎదురుగా నిలబడ్డ ఆడమనిషి మొర అర్థం కాదు, కాబట్టి ఆమె మాట శబ్దంగా మిగులుతుంది. తెలుగు డబ్బింగ్‌లోనూ తరచూ ఇదే: అమెరికన్ తెలుగు మాట్లాడతాడు, వెనకాల అరుపు అరబ్బీలోనే ఉండిపోతుంది. 1995 నాటి 'ఫాదర్ ఆఫ్ ది బ్రైడ్ పార్ట్ 2'లో ఇల్లు కొనే హబీబ్ అనే పాత్ర భార్యను కసిరేది ఏ భాషా కాని ధ్వనులతో.

రెండోది గోడల మీది రాత. అరబ్బీ కుడి నుంచి ఎడమకు రాస్తారు. 28 అక్షరాల్లో చాలా వాటికి పదంలోని స్థానాన్ని బట్టి రూపం మారుతుంది: విడిగా ఒకటి, మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో ఎవరో ఇంటర్నెట్ అనువాదం తీసి, అరబ్బీని సరిగ్గా పోషించని సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే అక్షరాలన్నీ విడిపోయి, వరస తలకిందులై ఎడమ నుంచి కుడికి పడతాయి. వత్తు ఊడి పక్కన పడ్డ తెలుగు ఫ్లెక్సీ చూసినవాళ్లకు ఆ దృశ్యం ఎంత ఎబ్బెట్టో వేరే చెప్పనక్కర్లేదు. అరబ్బీ చదివే ఒక్క మనిషి ప్రింటుకు ముందు చూస్తే పది నిమిషాల పని.

ఆ ఒక్క మనిషి లేకపోతే ఏమవుతుందో 2015 అక్టోబరులో తేలింది. సినిమా కాదు, 'హోంల్యాండ్' అనే అమెరికన్ సీరియల్. బెర్లిన్ దగ్గర సిరియా శరణార్థి శిబిరం సెట్ వేసి, గోడలు సహజంగా ఉండాలని గ్రాఫిటీ కళాకారులను పిలిపించారు. వాళ్లు అరబ్బీలో 'హోంల్యాండ్ జాత్యహంకారం', 'హోంల్యాండ్ పుచ్చకాయ' అని రాసిపెట్టారు. పుచ్చకాయ అంటే అక్కడ వాడుకలో ఉత్త బూటకం అని. సెట్ మీద ఒక్కరూ చదవలేదు. ఎపిసోడ్ అలాగే ప్రసారమైంది.

ఆపైన రంగు, శబ్దం. కలర్ గ్రేడింగ్‌లో నీలాన్ని తగ్గించి పసుపును పెంచితే ఏ ఊరైనా ఎండిపోయి, దుమ్ము పట్టి, రోగంతో ఉన్నట్టు కనిపిస్తుంది. వాషింగ్టన్ సీన్‌లో చల్లని నీలం, బాగ్దాద్ సీన్‌లో పసుపు అనే తేడా మాటల్లేకుండానే పని చేస్తుంది. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన కడప, కరీంనగర్ వాళ్లు చూసిన కువైట్, దుబాయి ఈ రంగులో ఉండవు. శబ్దంలో అజాన్‌ది అదే స్థితి. రోజుకు ఐదుసార్లు వినబడే ప్రార్థన పిలుపును ప్రమాదానికి ముందు వచ్చే బ్యాక్‌గ్రౌండ్ స్కోరులా వాడి వాడి, ప్రేక్షకుడి ఒంటికి దాన్ని హెచ్చరికగా అలవాటు చేశారు.

సైన్యం అరువిచ్చే హెలికాప్టర్లు

యుద్ధ సినిమా తీసేవాళ్లకు అమెరికా రక్షణ శాఖ సామగ్రి ఇస్తుంది. క్రమం ఇది: నిర్మాత స్క్రిప్టుతో పాటు కావలసిన వాటి జాబితా పంపాలి. అధికారులు చదివి మార్పులు సూచిస్తారు. ఒప్పుకుంటే ఒప్పందం కుదురుతుంది, సెట్ మీద ఒక అధికారి ఉంటారు. విడుదలకు ముందు సినిమా వారికి చూపాలి. సహాయం కోసం సైన్యానికి అదనంగా అయిన ఖర్చునే నిర్మాత కడతారు. అద్దెకు తెచ్చుకోవాలంటే దొరకనే దొరకని యంత్రాలకు ఇది చాలా చవక. 'ట్రూ లైస్'లోని హారియర్ జెట్లు, 'బ్లాక్ హాక్ డౌన్'లో మొరాకో దాకా వెళ్లిన హెలికాప్టర్లు ఇలా వచ్చినవే.

అధికారులు అరబ్బులను చెడ్డగా చూపమని అడగరు. వారి శ్రద్ధ సైనికుడు ఎలా కనబడుతున్నాడన్నదాని మీదే. అయితే సైనికుడి తప్పును చూపే స్క్రిప్టుకు హెలికాప్టరు దొరకదు, సైనికుడు ఒప్పుగా నిలవాలంటే అవతలివాడు తప్పుగా ఉండాలి. ఈ వాలు చివరకు చేరేది 2000 నాటి 'రూల్స్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్' లాంటి చోటికి. యెమెన్‌లో అమెరికన్ మెరైన్లు గుంపు మీద కాల్పులు జరిపి పదుల మందిని చంపుతారు. సినిమా సగం దాకా అది ఘోరమే. తరవాత తేలేది, ఆ గుంపులోని చిన్న పిల్ల చేతిలోనూ తుపాకీ ఉందని.

మార్కెట్ ఎవరి మాట వింటుంది

1922లో మెక్సికో ప్రభుత్వం తమవాళ్లను బందిపోట్లుగా చూపే కంపెనీల సినిమాలన్నింటినీ నిషేధించింది, స్టూడియోలు దిగివచ్చాయి. అప్పటికి ఇరాక్, సిరియా, పాలస్తీనా బ్రిటిష్, ఫ్రెంచి పాలనలో ఉన్నాయి. నిషేధం విధించే ప్రభుత్వమే లేదు. 1934 నుంచి కఠినంగా అమలైన హాలీవుడ్ నియమావళిలో ఇతర దేశాల ప్రజలను న్యాయంగా చూపాలన్న నిబంధన ఉంది. అది పనిచేసింది ఫిర్యాదు చేయగల దేశాలకే.

దీనికి ఆధునిక రూపం 'రెడ్ డాన్' రీమేక్. అమెరికాను ఆక్రమించే సైన్యం మొదట చైనాది. షూటింగ్ అయ్యాక చైనా మార్కెట్ గుర్తొచ్చి, జెండాలు, చిహ్నాలు డిజిటల్‌గా మార్చి ఉత్తర కొరియా చేశారు. 2012లో అలాగే విడుదలైంది. అంటే డబ్బు తలుచుకుంటే విడుదల ముందు కూడా విలన్ మారతాడు. అరబ్బు దేశాల వెనక ఆ బలం ఉండేది కాదు. సౌదీ అరేబియాలో మూడున్నర దశాబ్దాలు థియేటర్లే లేవు, 2018 ఏప్రిల్‌లో మళ్లీ తెరిచారు.

ఇప్పుడు టికెట్ డబ్బు ఉంది. కానీ ఆ దేశాల సెన్సార్లు దాన్ని దేనికి వాడుతున్నాయి? 2021లో 'ఎటర్నల్స్', 2022లో 'లైట్‌ఇయర్' కొన్ని గల్ఫ్ దేశాల్లో ఆగిపోయింది స్వలింగ జంటల దృశ్యాల వల్ల. అరబ్బుల చిత్రణ మీద అంత గట్టి బేరం కనబడలేదు. మార్కెట్ పెరిగితే మూస పోతుందన్న ఆశ ఇక్కడే తప్పుతోంది.

ఫ్రాన్స్‌లో దారి వేరు. ఉత్తర ఆఫ్రికా మూలాలున్న నటులు, దర్శకులు అక్కడ దేశంలోనే పెరిగారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ కోసం పోరాడిన ఉత్తర ఆఫ్రికా సైనికుల మీద రషీద్ బూషారెబ్ తీసిన 'ఎందిజెన్' ప్రధాన నటులందరికీ 2006 కాన్ చిత్రోత్సవంలో ఉమ్మడిగా ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. వలస దేశాలు విడిపోయిన రోజుల నుంచి కదలకుండా ఉన్న ఆ సైనికుల పింఛన్లను పెంచుతామని ఆ సినిమా విడుదల సమయంలోనే ఫ్రాన్స్ అధ్యక్షుడు షిరాక్ ప్రభుత్వం ప్రకటించింది. ఒక చిత్రణ ప్రభుత్వ ఖజానా దాకా వెళ్లిన అరుదైన సందర్భం.

లెక్కలు, వాటి హద్దులు

పరిశోధకుడు జాక్ షాహీన్ 1896 నుంచి 2000 దాకా అరబ్బు పాత్రలున్న సుమారు వెయ్యి సినిమాలు చూశారు. ఆయన లెక్కలో సానుకూలమైనవి 12, నిష్పక్షపాతంగా ఉన్నవి 52, మిగతావన్నీ ప్రతికూలం. అయితే పూర్తి నిడివి విలన్, ఎక్కడో దొర్లిన ఒక్క వెక్కిరింపు మాట రెండూ ఒకే ఖాతాలో పడతాయి. తీవ్రతను ఈ అంకె కొలవదు, వ్యాప్తిని కొలుస్తుంది.

దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అన్నెన్‌బర్గ్ బృందం 2021లో మరో కోణం పట్టుకుంది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 2017–19 మధ్య బాగా ఆడిన 200 సినిమాల్లో మాట్లాడే పాత్రలు 8,965. ముస్లింలు 1.6 శాతం. 181 సినిమాల్లో ఒక్కరూ లేరు. చెడ్డగా కనబడటం కంటే అసలు కనబడకపోవడమే ఎక్కువన్నమాట.

నటుడు రిజ్ అహ్మద్ 2017లో బ్రిటన్ పార్లమెంటు భవనంలో చేసిన ప్రసంగం స్ఫూర్తితో వచ్చిన 'రిజ్ టెస్ట్' ఐదు ప్రశ్నలు వేస్తుంది. ముస్లిం పాత్ర ఉగ్రవాదం గురించి మాట్లాడుతోందా, దాని బాధితుడా, కారకుడా? కారణం లేని కోపంతో ఉందా? మూఢనమ్మకాలతో, వెనకబడి ఉందా? పాశ్చాత్య జీవన విధానానికి ముప్పుగా ఉందా? మగవాడైతే స్త్రీలను హీనంగా చూస్తున్నాడా, ఆడదైతే మగవాళ్ల అణచివేతలో ఉందా? ఒక్కదానికి అవునన్నా సినిమా తప్పినట్టే. వాడటం తేలిక, మొరటు కూడా. బాంబు దాడిలో కొడుకును పోగొట్టుకున్న ముస్లిం తల్లి కథను ఎంత గొప్పగా తీసినా మొదటి ప్రశ్నలోనే పోతుంది.

'మంచి ముస్లిం' పాత్రను జోడించడం ఇంకో పరిష్కారంగా 2001 తరవాత పెరిగింది. ఆ పాత్ర సాధారణంగా గూఢచారి సంస్థలో ఉంటుంది, దేశభక్తిని నిరూపించుకుంటుంది. పరిశోధకురాలు ఎవలిన్ అల్‌సుల్తానీ చెప్పేదేమిటంటే, ఉగ్రవాదాన్ని ఆపడంలోనే అతని మంచితనం ఉంటే, ముస్లిం అనగానే ఉగ్రవాదం గుర్తుకొచ్చే ముడి విడిపోదు, ఇంకా బిగుస్తుంది.

తెర దిగి వీధిలోకి

సినిమా చూసి ద్వేషం పుట్టిందని నిరూపించడం కష్టం, వార్తలు, రాజకీయాలు, సినిమా కలిసే పనిచేస్తాయి కాబట్టి. ఆ కలయిక ఫలితాలు మాత్రం కనబడతాయి. 1995 ఏప్రిల్ 19న ఓక్లహోమా సిటీలో బాంబు పేలి 168 మంది చనిపోయినప్పుడు తొలి గంటల్లో అనుమానమంతా పశ్చిమాసియా వైపు పోయింది. బాంబు పెట్టింది అమెరికా మాజీ సైనికుడు. 2015 డిసెంబరులో ఒక సర్వే సంస్థ 'అగ్రబా మీద బాంబులు వేయాలా' అని అడిగితే, రిపబ్లికన్ ప్రైమరీ ఓటర్లలో 30 శాతం, డెమొక్రాట్లలో 19 శాతం వేయమన్నారు. అగ్రబా అంటే 'అల్లాదీన్'లో కల్పించిన రాజ్యం.

మారుతున్న చోట ఏం మారుతోందో చూస్తే, ఈజిప్టు దర్శకుడు మొహమ్మద్ దియాబ్ 2022లో ప్రధాన దర్శకుడిగా చేసిన 'మూన్ నైట్' సిరీస్ మంచి ఉదాహరణ. అవకాశం అడగడానికి వెళ్లేటప్పుడే ఆయన 200 పేజీల ప్రతిపాదన తీసుకెళ్లారు, అందులో హాలీవుడ్ ఈజిప్టును ఎలా తప్పుగా చూపుతుందో వివరించే భాగమూ ఉంది. సంగీతానికి ఈజిప్టు స్వరకర్త హిషామ్ నజీహ్‌ను తెచ్చుకున్నారు. కైరో వీధులను మాత్రం కైరోలో తీయలేదు, హంగేరీలోని బుడాపెస్ట్‌లో సెట్ వేశారు. అయినా ఈజిప్టు ప్రేక్షకులు అది తమ ఊరేనని గుర్తుపట్టారు.